పుట్టింటి చోళ్లు

మృగశిర కార్తెలో రెండో వాన పడి దుక్కి పదునుకొచ్చింది. విత్తనం పట్టుకెళ్దామని పొలం నుంచి ఇంటికొస్తున్న గంగులుకి వీధి మొదట్లోనే డీజిల్ వాసన కొట్టింది. ఎవరి ట్రాక్టరో కారుతోందనుకున్నాడు. తీరా ఇంటి ముందుకొచ్చి చూస్తే, వాళ్లమ్మ నారాయణమ్మ ఏడాది పొడుగునా దాచిన విత్తనం చోళ్లు, అదే రాగులు, నడివీధిలో కుప్పబోసి ఉన్నాయి. ఒకడు క్యాను ఎత్తి వాటి మీద డీజిల్ పోస్తున్నాడు. నలుగురు పోలీసులు లాఠీలు అడ్డం పెట్టి నిలబడ్డారు. ఊరు ఊరంతా చుట్టూ చేరి చూస్తోంది.

ఒక్క గంగులు ఇల్లే కాదు. పొద్దున్నుంచి జిల్లేడువలసలో ముప్పై రెండు ఇళ్లు దులిపేశారు. వేపాకు వేసి మూతికి పేడ మెత్తి అటక మీద దాచిన కుండలన్నీ దింపి పగలగొట్టారు. పిల్లలకి అంబలి కాయడానికి ఉంచుకున్న చోళ్లు కూడా వదల్లేదు. విత్తనమేదో తిండిగింజ ఏదో వాళ్లకి తెలిస్తే కదా!

నారాయణమ్మ జీపు దగ్గరకి నడిచింది. డెబ్భై ఏళ్ల మనిషి. జీపు పక్కన నల్లకళ్లద్దాలతో నిలబడ్డవాడి మొహంలోకి తేరిపార చూసింది.

"ఏటి బాబూ, నువ్వు రమేష్‌బాబువి కాదేటి? మా అరుగు మీద కూకోని నా సేతి అంబలి తాగినోడివి కాదేటి?"

రమేష్‌బాబు హరితధాన్య విత్తనాల కంపెనీలో ఆఫీసరు. మూడేళ్ల కిందట ఒక్కడే, మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఈ కొండవార ఊళ్లలో ఒక కట్టుబాటుంది. గుడ్డ చాచి విత్తనం అడిగినవాడికి లేదనకూడదు. చుట్టమైనా, ముక్కూ మొహం తెలియనివాడైనా సరే. కంపెనీవాడు ఆ సంగతి ముందే కనుక్కుని మరీ వచ్చాడు. మెడలో తువ్వాలు తీసి నారాయణమ్మ ముందు చాచాడు. నెల రోజులు వాన లేకపోయినా వాడిపోని మొండిచోడి విత్తనం ఆమె దోసిలితో ఆ తువ్వాలు నింపింది. నేల సంగతి, వేసే కార్తె సంగతి, కంకి వంకర చూసి విత్తనం ఏరే సంగతి, అన్నీ విప్పి చెప్పింది. వాడు రాసుకున్నాడు.

ఇప్పుడు వాడు నారాయణమ్మ మొహం చూడలేక, చేతిలో కాయితం ఊరివాళ్లందరికీ వినబడేలా చదివాడు.

"మీ చేలల్లో ఆకులు కోసి జన్యు పరీక్ష చేయించాం. మా కంపెనీ రిజిస్టరు చేసిన 'హరిత ఏడు' రకంతో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కలిసింది. అంటే మీరు మా విత్తనం దొంగతనంగా సాగు చేస్తున్నారు. మా దగ్గర కోర్టు ఆర్డరుంది."

తీసుకెళ్లిన విత్తనం నుంచి తన రకం తీసి, ఆ రకంలా ఉంది కాబట్టి నీదే దొంగ విత్తనం అన్నాడు! సిగ్గనేది ఎంతో కొంత ఉన్న మనిషి నోట వచ్చే మాటేనా ఇది? ఎవరో అగ్గిపుల్ల గీశారు. చోళ్లు చిటపటమంటూ పేలాయి. నారాయణమ్మ ఆ మంట ఆరేదాకా అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం బడి వరండాలో ఊరు కూడింది. మాటలు కావవి, అరుపులు.

నరసింగరావుకి సాలూరులో ఎరువుల కొట్టుంది. "అరవకండర్రా, ఇనండి. ఆల కాయితాల మీద సంతకాలెట్టీసి కంపెనీ ఇత్తనం తెచ్చుకుందాం. ఈ ఏడు ఊరికే ఇస్తారట. కేసులుండవు" అన్నాడు.

"మరి వచ్చే ఏడు?" అంది హేమ. కౌలు చేను చేసుకునే మనిషి, మాట తెగ్గొట్టినట్టు ఉంటుంది.

"వచ్చే ఏడు కొనుక్కోవాల. లోకమంతా కొనుక్కోడం నేదేటి?"

"నీ కొట్లో కొనుక్కోవాల. అలగ సెప్పు!"

గొడవ లేచింది. కర్రలు తీసినవాళ్లున్నారు, దండం పెట్టి వేడుకుందామన్నవాళ్లున్నారు. అంతట్లో ఎవరో, అసలు విత్తనం వాడి చేతిలో పోసిందెవరని అడిగారు. అందరి తలలూ నారాయణమ్మ వైపు తిరిగాయి. గంగులుకి పొద్దున్నుంచి కడుపులో మండుతున్నదంతా నోటికొచ్చింది.

"నువ్వేనే! తువ్వాలు నిండా పోసి, పైన కబుర్లు కూడా సెప్పీసినావు. నీ వల్లే ఊరి నోట్లో మన్ను పడ్డాది!"

కన్నతల్లిని నలుగురిలో అన్న మాట అది. నారాయణమ్మ కొడుకు వైపు ఒకసారి చూసి, కొంగుతో మూతి తుడుచుకుని, "అవునురా. ఇచ్చినాను" అంది. అంతే. గంగులు ఆ మాటని మళ్లీ వెనక్కి తీసుకోలేకపోయాడు. తర్వాత ఎంత కుమిలితే ఏం లాభం?

అప్పుడే ఝాన్సీ ఆటో దిగింది. గంగులు అక్క తాయారు కూతురు. ఎచ్చెర్లలో చదువుకుని, విశాఖలో హరితధాన్య లేబొరేటరీలోనే రెండేళ్లు పనిచేసింది. ఉద్యోగం పోయి నెలైందని ఇంట్లో కూడా చెప్పలేదు.

"మావా, అమ్మమ్మని అనకు. తప్పు సేసింది అమ్మమ్మ కాదు. ఆ ఆకులు నూరినదాన్ని నానే" అంది.

ఝాన్సీ వరండా ఎక్కి విడమరిచి చెప్పింది.

"చోడి, వరి, గంటి, మొక్కజొన్న, ఇవన్నీ గడ్డి జాతే. ప్రతి మొక్క లోపలా ఒక రాతుంటాది. దాన్ని యంత్రంలో అక్షరాలుగా సదువుతాం. మన మొండిచోడిలో పది మొక్కలు సదివితే పదింటికీ పిసరు పిసరు తేడా. కంపెనీ మడిలో పది సదివితే పదీ ఒకటే. ఎందుకంటారా? మన సేలో ఉన్న అన్నింట్లోంచీ ఒక్కదాన్ని ఏరుకుని పెంచారు కాబట్టి. తల్లి ఎవులో పిల్ల ఎవులో ఆ లెక్కున్న కాయితమే సెప్తాది. రిపోర్టులోంచి ఆ పేజీ తీసీమన్నారు. తియ్యనన్నాను. నన్ను తీసీసారు."

ఫోను తీసి చూపించింది. ఆ పేజీ ఫొటో ఉంది. పక్కనే విత్తనం కవరు ఫొటో. మీద రమేష్‌బాబు చేతిరాతతో తేదీ, ఊరు, 'నారాయణమ్మ, మొండిచోడి' అని ఉంది.

"రైతు తన ఇత్తనం దాసుకోవచ్చని సట్టంలోనే ఉన్నాది. కోర్టులో వేద్దాం, గెలుస్తాం."

"ఎన్నాళ్లకి?" అంది నారాయణమ్మ.

ఝాన్సీ తడబడింది. "రెండేళ్లో, మూడేళ్లో..."

"వాన ఆగుతాదేటమ్మా రెండేళ్లు? కోర్టులో ఎయ్యి, తప్పక ఎయ్యి. ముందు నేల్లో ఎయ్యాల గదా. ఈ కార్తె దాటితే మొండిచోడి మరి లేదు."

విత్తనమే లేదు కదే అంటూ ఎవరో ఏడ్చారు. నారాయణమ్మ లేచి నిలబడింది.

"ఊళ్లో లేదు. మన ఆడపిల్లల కాడ ఉన్నాది."

ఈ ఊరి ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు కొంగున ఐదు గుప్పిళ్ల మొండిచోళ్లు కడతారు. ఆ పిల్ల ఎక్కడున్నా పెరట్లోనో గట్టు మీదో ఏటా నాలుగు సాళ్లయినా వేసి విత్తనం నిలపాలి. లేకపోతే పుట్టిల్లు చల్లగా ఉండదంటారు. మగాళ్లకి పట్టని ముచ్చట అది. జీపేసుకుని ఇళ్లన్నీ దులిపిన కంపెనీకీ పట్టలేదు.

ఫోన్లున్న ఇళ్లకి ఫోన్లు చేశారు. లేని ఊళ్లకి సాలూరు లారీ డ్రైవర్లు కబురు మోశారు. మూడో రోజు పొద్దున్నకల్లా ఆడపిల్లలు దిగడం మొదలైంది. ముందు తాయారు వచ్చింది. ఆటోల్లో, లారీ క్యాబిన్లలో, కాలినడకన మరో అరవై మంది. మనవలున్నవాళ్లూ వచ్చారు, చంకన బిడ్డలున్నవాళ్లూ వచ్చారు. ఒక్కొక్కరి కొంగునా ఒక ముడి. నారాయణమ్మ ఒక్కో ముడీ విప్పి, గింజ వాసన చూసి, "ఇదే, ఇదే" అంటూ పెద్దగా ఏడ్చేసింది.

వెద జల్లడం దాపరికంగా చేద్దామన్నాడు నరసింగరావు. దొంగల్లా ఎందుకన్నారు ఆడవాళ్లు. పది గంటల ఎండలో, రోడ్డు వారనున్న గంగులు చేలోనే దిగారు. రోడ్డుకి అటు పక్కనే కంపెనీ పరిశోధన మడి, చుట్టూ ఇనప కంచె. గంగులు దున్నుతున్నాడు. వెనకాల ఆడవాళ్లు వరసగా జల్లుతున్నారు. సగం చేను కూడా కాలేదు, జీపులొచ్చాయి.

"ఆర్డరు ధిక్కరించి విత్తనం ఎవరు తెచ్చారు? ఎవరి దగ్గరుంది?" ఇన్‌స్పెక్టరు గట్టు మీంచి అరిచాడు.

నారాయణమ్మ చాట చంకనెట్టుకుని ముందుకొచ్చింది.

"నాకాడుంది."

"నాకాడుంది" అంది తాయారు. "నాకాడా ఉంది" అంది హేమ. అరవై గొంతులు వరసగా అదే మాట. ఎవర్ని పట్టుకోవాలో తెలియక పోలీసులు ఒక నిమిషం ఆగారు. ఆ తర్వాత వాళ్లకి తెలిసిన పని వాళ్లు చేశారు. లాఠీలు లేచాయి. ఒకడు చాట లాగాడు. నారాయణమ్మ వదల్లేదు. వాడు తోశాడు. గట్టు మీది రాయికి తల తగిలి పడింది. గంగులు నాగలి వదిలేసి పరిగెత్తాడు గాని, తల్లి దాకా చేరకుండానే నలుగురు మీదపడి పట్టుకున్నారు. పద్నాలుగు మందిని వ్యానెక్కించారు. వ్యాను కిటికీలోంచి గంగులుకి కనిపించింది దుక్కిలో పడి ఉన్న తల్లి అరికాళ్లు మాత్రమే.

పెద్దాసుపత్రిలో మూడు రోజులుండి నారాయణమ్మ పోయింది. జారి పడిందని పోలీసులు రాశారు. కొడుక్కి కర్మ చెయ్యడానికి బెయిలిచ్చారు.

ఆడవాళ్లు శవం వెంట వాకిలి దాటకూడదన్నారు పెద్దలు. ఒక్కరూ వినలేదు. దారి పొడుగునా బొరుగులు జల్లడం రివాజు. తాయారు బొరుగుల గంప పక్కకి తోసేసింది.

"మా అమ్మకి బొరుగులేటి? సోళ్లు జల్లండి!"

పాడె సరిగ్గా కంపెనీ గేటు ముందు దింపారు. దింపుడు కళ్లం దగ్గర చెవిలో మూడుసార్లు పిలవాలి, ఒకవేళ ప్రాణముంటే లేస్తుందని. గంగులు వంగాడు. "అమ్మా" అన్నాడు. రెండోసారి చెంప నిమిరి పిలిచాడు. మూడోసారి పిలుపు కాదు, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. "తప్పయిపోనాదే అమ్మా! నీ సెయ్యి తప్పు కాదే! వాడి తువ్వాలు తప్పే!"

నారాయణమ్మ లేవలేదు. లేచింది ఊరు. తాయారు గుప్పెట నిండా చోళ్లు తీసి కంచె మీంచి కంపెనీ మడిలోకి విసిరింది. ఆమె వెనక హేమ, ఝాన్సీ, ఆ వెనక అందరూ. కాపలావాళ్లు శవం మీంచి దాటి రాలేక గేటు లోపలే ఉండిపోయారు.

ఆ వారం వాన బాగా పడింది. కంచె అవతలా ఇవతలా ఒకటే పచ్చదనం. మడిలో ఏది హరిత ఏడో ఏది మొండిచోడో కంపెనీ సైంటిస్టులకే తేలలేదు. రమేష్‌బాబు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో మొక్కా చూస్తున్నాడని కూలీకెళ్లినవాళ్లు వచ్చి చెప్పారు. గంగులు నవ్వలేదు. వాడికి నవ్వు రాలేదు.

పదో రోజు కర్మకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వచ్చారు. విస్తళ్లు వేస్తుండగా ఇన్‌స్పెక్టరు దిగాడు.

"కంపెనీ మడి పాడు చేసిందెవరు? విత్తనం ఇంకా ఎవరి దగ్గరుంది?"

గంగులు గుండు మీద తడి ఇంకా ఆరలేదు. లేచాడు.

"నాకాడుంది."

తాయారు లేచింది. హేమ లేచింది. ఝాన్సీ లేచింది. ఊరి మగాళ్లలో కూర్మయ్య, ధనరాజు లేచారు. వరసకి వరస లేచింది. చివర్న, మొగుడు చెయ్యి పట్టుకుని లాగుతున్నా విదిలించుకుని, ఎరువుల కొట్టు నరసింగరావు భార్య సుభద్రమ్మ లేచింది. "ఒగ్గీ సెయ్యి! నానూ ఈ ఊరి ఆడపిల్లనే. నాకాడా ఉంది."

ఇన్‌స్పెక్టరు తన జీపు వైపు చూసుకున్నాడు. పెద్ద వ్యాన్లు తెప్పించమని ఫోను చేయించాడు. సాలూరు నుంచి రావడానికి గంట పడుతుందన్నారు.

సరే, ఆ గంటా వీధిలోనే కూర్చున్నారు. పొరుగూరి కౌలురైతు ఒకడు, ముసలివాడు, పోలీసుల మధ్య నుంచి నెమ్మదిగా నడిచొచ్చి గంగులు ముందు తువ్వాలు చాచాడు. ఏమీ అడగలేదు. గంగులు ఆ తువ్వాలు వైపు చూశాడు. తన పంచె కొంగున ఉన్న చోళ్ల ముడి విప్పి, దోసిలితో పోశాడు. ముసలివాడి వెనక ఇంకొకడు చాచాడు. ఆ వెనక ఆడవాళ్లు కొంగులు చాచారు. వ్యాన్లు వచ్చేదాకా చాస్తూనే ఉన్నారు, ఊళ్లో ఒక్కరూ లేదనలేదు.