గుమ్మం ముందు వంగినవాడు

పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైతే చాలు, వచ్చినవాళ్లందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకునే రజిని పిస్తోలు క్లాసులో చేరిందని తెలిసి అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్లోని తెలుగువాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. నొక్కుకోరూ మరి! కడుపున పుట్టినవాడు తుపాకీకి బలైపోతే తల్లి ఆ తుపాకీయే పట్టుకోవడమేమిటని ఒకరు, దుఃఖంతో మతి చలించిందని ఇంకొకరు. అనేవాళ్లకేం, నోటికి అడ్డూ అదుపూ ఉంటేనా! ఎందుకు చేరావమ్మా అని అడిగిన పుణ్యాత్ములు మాత్రం ఒక్కరూ లేరు.

శ్రేయాస్ కాలేజీ నుంచి ఇంటికొచ్చిన శనివారం అది. స్నేహితురాలు అలేఖ్య కొత్తిల్లు కొనుక్కుంది, ఇంకా పొయ్యి వెలిగించలేదని రజిని పులిహోర కలిపి, స్టీలు డబ్బాలో పెట్టి కొడుకు చేతికిచ్చింది. ఆ కాలనీలో ఇళ్లన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. పగలే పోల్చుకోలేం, అందులోనూ మసక చీకటి. వాడు పక్క వీధిలో అచ్చం అలాంటి ఇంటికే వెళ్లి బెల్ కొట్టాడు. డబ్బా కింద పెట్టి, వంగి, షూ లేసులు విప్పుకోసాగాడు. ఎవరింటికి వెళ్లినా గుమ్మం బయటే విప్పాలని, వాళ్లు చెప్పేదాకా ఆగకూడదని వాడికి నడకొచ్చిన నాటి నుంచీ నూరిపోసింది రజినే. తలుపు తెరుచుకుంది. కదలొద్దని ఆ ఇంటాయన అరిచాడు. వాడు తల ఎత్తకుండానే, "వన్ సెకండ్ అంకుల్, షూస్," అన్నాడు. ఆ మాట డోర్‌బెల్ కెమెరాలో ఉంది. ఆ తర్వాతి చప్పుడూ ఉంది.

కేసు నడిచింది, నేరం రుజువైంది. శిక్ష ఎంతో తేల్చేముందు తల్లిని మాట్లాడమన్నారు, వచ్చే వారమే. "వంగేసరికి గన్ తీస్తున్నాడనుకున్నాను, భయం వేసింది," అని ఆ ఇంటాయన మొదటినుంచీ ఒకటే మాట మీదున్నాడు. అది పచ్చి అబద్ధమని రజిని నమ్మకం. షూ విప్పుకునే పిల్లవాణ్ణి చూసి ఏ మనిషికి భయం వేస్తుంది? కావాలనే చంపాడు, కడుపులో విషం పెట్టుకుని చంపాడు. జడ్జి ముందు నిలబడి ఆ మాట తడబడకుండా అనాలి. ఆయన పిస్తోలు క్లాసు ఒకటి చేశాడని కోర్టులో విన్నది. అక్కడేం నేర్పుతారో కళ్లారా చూసొస్తే తన మాట ఇంకెవరూ కాదనలేరనుకుంది.

"నువ్వా గన్ ముట్టుకుంటావా? నావల్ల కాదు రజినీ, నేను లోపలికి రాను," అన్నాడు భర్త అమర్‌నాథ్.

"రావద్దు. డ్రాప్ చేసి కార్‌లోనే కూర్చోండి."

క్లాసు చెప్పేవాడి పేరు డేవ్. తిట్టుకుందామని వెళ్లిన మనిషికి తిట్టుకోవడానికేమీ దొరకలేదు. నెమ్మదస్తుడు, జుట్టు నెరిసిన పెద్దమనిషి. పొద్దున్నంతా కాల్చడం గురించి కంటే కాల్చకపోవడం గురించే చెప్పాడు. ఖాయం చేసుకునేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దన్నాడు. ముందు ఎదుటివాడి చేతుల్లో ఏముందో చూడమన్నాడు. చూశావా, ఇన్ని విని కూడా చంపాడు నా బిడ్డని, అని రజిని లోపల్లోపల పళ్లు నూరుకుంది.

మధ్యాహ్నం హాల్లో ఒక ఉత్తుత్తి తలుపు నిలబెట్టారు. చేతికిచ్చింది గుండ్లు లేని పిస్తోలే. నొక్కితే ఎర్ర వెలుగు పడుతుంది, అంతే. "ఇది మీ ఇల్లు. మీరొక్కరే ఉన్నారు. ఎవరో వచ్చారు," అని డేవ్ లైట్లు తగ్గించాడు. తలుపు దబదబా బాదారు. అదంతా నాటకమని రజినికి తెలుసు. అవతల ఉన్నది పొద్దున తనకి కాఫీ అందించిన కుర్రాడనీ తెలుసు. అయినా నోరు ఎండిపోయింది, చెవుల్లో హోరు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు, మొహం ఆనలేదు. "స్టాప్!" అని అరిచింది. ఆ గొంతు తనదేనా అనిపించింది. ఆ మనిషి గబుక్కున వంగాడు. చేతులు కనబడలేదు.

ఎర్ర వెలుగు వాడి నడినెత్తిన పడింది.

లైట్లు వెలిగాయి. కుర్రాడు నవ్వుతూ లేచి చెయ్యి చాపి చూపించాడు. కింద పడ్డ కార్ తాళాలు. డేవ్ మాత్రం నవ్వలేదు.

"ఏం చూసి కాల్చారు?" అని అడిగాడు.

"వంగాడు," అంది రజిని. "చేతులు కనబడలేదు. భయం వేసింది..."

అనేశాక, ఆ మాటలు ఎవరివో గుర్తొచ్చింది.

"భయం వేయడం తప్పు కాదు. కాల్చడం తప్పు. తాళాలు తీసుకుంటున్నవాణ్ణి మీరు చంపేశారు," అన్నాడు డేవ్ మెల్లగా. ఆవిడ ఎవరి తల్లో అతనికి తెలియదు పాపం.

రజిని పిస్తోలు బల్ల మీద పెట్టి, బ్యాగు కూడా మర్చిపోయి బయటికొచ్చేసింది.

"ఏమైంది?" అన్నాడు అమర్‌నాథ్ కంగారుగా, కార్ డోర్ తీస్తూ.

"కోర్టులో ఆయన అబద్ధం చెప్పలేదండీ. నిజంగానే భయం వేస్తుంది. నేనూ కాల్చేశాను. అలాగే వంగాడు, కాల్చేశాను. ఇప్పుడు జడ్జికేం చెప్పనండీ?"

పోనీ ఆ ఇంటాయన్ని క్షమించిందా అంటే, అదీ లేదు. ఎలా క్షమిస్తుంది, తల్లి కదా! ఇన్నాళ్లూ కోపమొకటే ఆవిణ్ణి నిలబెట్టింది. పొద్దున్నే లేపి, తల దువ్వించి, కోర్టుకి నడిపించింది అదే. ఇప్పుడు అదీ పోయింది. ఇంటిదాకా దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండగానే ఉంది. అమర్‌నాథ్ తాళం తీసి, తలుపు తోసి, అలవాటు కొద్దీ షూ విప్పుకోవడానికి గుమ్మం ముందు వంగాడు.

"వంగకండి!"

వీధి వీధంతా వినబడేలా అరిచింది. అమర్‌నాథ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"మన ఇల్లేనే రజినీ," అన్నాడు తల ఎత్తకుండానే. "మన ఇల్లే."

"తెలుసు. అయినా వద్దు. షూస్‌తోనే రండి, ఏం కాదు." అతని భుజం పట్టుకుని లేపింది. "ఈ మాట వాడికి ఒక్కసారి చెప్పలేదండీ నేను. షూస్‌తోనే వెళ్లరా నాన్నా, ఎవరేమనుకుంటే మనకేం అని, ఒక్కసారి చెప్పలేదు."

ఆ ఇల్లు కొన్నాక మొదటిసారి, ఇద్దరూ బూట్లతోనే గడప దాటి లోపలికి వెళ్లారు.