వెనక జేబు

జేబు గుడ్డ అంచు మడిచి మారెమ్మ మిషను తొక్కింది. సూది చుట్టూ తిరిగి వచ్చేలోగా ఎడమచెయ్యి రెండో జేబును తీసి పెట్టుకుంది. రాయదుర్గంలోని ఆ జీన్సు యూనిట్లో పద్దెనిమిదేళ్లుగా ఆమె కుట్టేవి వెనక జేబులే. ఒక్క ప్యాంటు కూడా మొదటినుంచి చివరిదాకా కుట్టింది లేదు. నలభై ఆరేళ్ల మనిషి. నడుం కొంచెం కుడికి ఒరిగింది. వేళ్ల కొసలకు ఎక్కిన నీలిరంగు దిగడం ఎప్పుడో మానేసింది. పొద్దున తెచ్చిన నీళ్ల సీసా తెచ్చినట్టే ఉంది.

రేకుల కింద ఒళ్లు ఉడికిపోతున్నా ఆ హాల్లో ఆడవాళ్లెవరూ కడుపునిండా నీళ్లు తాగరు. తాగితే బాత్రూంకు పోవాలి. పోవాలంటే సూపర్‌వైజర్ సోమప్ప బల్ల ముందు నిలబడి తాళంచెవి అడగాలి. ఆయన గడియారం చూసి, మనిషిని చూసి, పదిమందికీ వినబడేలా "మళ్లీనా?" అంటాడు. మగవాళ్ల బాత్రూంకు మాత్రం తాళమే లేదు.

గురువారం కాబట్టి, అన్నం బెల్లు కొట్టగానే యజమాని కోడలు అనుపమ మైకు పట్టుకుంది. నెలరోజులుగా ఇదే వరస. ఆడవాళ్లు రాసిన పుస్తకాల్లోంచి ధైర్యం, నాయకత్వం గురించి చదివి వినిపిస్తుంది. ఆ పావుగంటా వాళ్లు తినే అరగంటలోంచే పోతుంది. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు మరి! గోడకు తెల్లగుడ్డ బ్యానర్ కూడా కట్టించింది: 'కావలసింది నోరు తెరిచి అడుగు.'

ఆ పుస్తకాలు రాసినవాళ్ల మీద మారెమ్మకు కోపం లేదు. వాళ్లలో ఒకావిడ, మగవాళ్లెవరూ తన మాట వినకపోతే లేచి నిలబడి చెప్పిందట. అది విన్నరోజు, ఇన్నేళ్లలో తాను ఒక్కసారీ లేవలేదే అని మారెమ్మకు ఒళ్లు మండింది.

"ఈరోజు మీలో ఒకరు, నేర్చుకున్నదేమిటో చెప్పాలి" అంది అనుపమ, వీడియో తీయడానికి ఫోను ఎత్తి.

మారెమ్మ ఎంగిలి చేత్తోనే లేచింది.

"బాత్రూం బీగంచెవి మా చేతికిచ్చేయండమ్మా. ఈడనే పెట్టుకుంటాం. ప్రతిసారీ ఆయప్పను అడగలేక సిగ్గుతో సచ్చిపోతాండాం."

అనుపమ ఫోను దించింది. "అది చిన్న విషయం మారెమ్మా. మీరు పెద్దగా ఆలోచించాలి."

"చిన్నదైతే ఇచ్చేయొచ్చు గదమ్మా?"

"ఇస్తే పొద్దుగూకులూ ఆడనే కూచుంటారు మేడం" అని సోమప్ప నవ్వాడు. అనుపమ పుస్తకం మూసి, అందరిచేతా చప్పట్లు కొట్టించి వెళ్లిపోయింది.

మూడు గంటలకు హేమ లేచి తాళంచెవి కోసం సోమప్ప బల్ల దగ్గరికి వెళ్లింది. కొత్తగా చేరిన పిల్ల, కడుపుతో ఉంది, అయిదో నెల.

"ఇప్పుడే పోయొస్తివి గదా! కుట్టేదానికొచ్చినావా, తిరిగేదానికొచ్చినావా?" అన్నాడు సోమప్ప.

హేమ కదల్లేదు. కాళ్లు దగ్గరగా పెట్టుకుని, కన్నీళ్లు దిగమింగుతూ ఆ బల్ల ముందే నిలబడింది.

మారెమ్మ మిషను ఆపింది. వెళ్లి, బల్ల వెనక మేకుకున్న తాళంచెవి తీసి హేమ చేతిలో పెట్టింది.

"ఎవర్నడిగి తీస్తివి?"

"మైకు ముందరే అడిగినాను గదప్పా. నీకు ఇనపడల్యా?"

"అట్లయితే రేపట్నుంచి రావద్దు. ఈ పొద్దే పో!"

"పోతాలే. ఇంగొక జేబుండాది, కుట్టి పోతా."

ఈ మాటకే ఆమె పద్దెనిమిదేళ్లు భయపడింది. తీరా విన్నాక భయం లేదు, మంటే ఉంది. ఇంత మాటకా తాను నీళ్లు మానుకుని బతికింది? తన మీద తనకే అసహ్యం వేసింది.

గోడ మీది బ్యానర్ విప్పి తెచ్చి, అక్షరాల కింద జేబు పెట్టి మూడువైపులా రెండేసి వరసలు కుట్టింది. మూలలు ఊడిరాకుండా మళ్లీ కుట్టింది. సోమప్ప బల్లకు దూరంగా, ఆడవాళ్ల వరస పక్కన బ్యానర్ కట్టింది. తిరిగొచ్చిన హేమకు కళ్లతోనే జేబు చూపించింది. హేమ తాళంచెవి అందులో వేసింది.

సోమప్ప లేచి వచ్చి జేబు వైపు చెయ్యి చాపాడు. హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇన్ని మిషన్లు పనివేళ ఆగడం ఆయన ఎరగడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మారెమ్మ కత్తెర మిషను మీదే వదిలి, క్యారియర్ సంచీలో వేసుకుంది. గేటు దగ్గర ఆగి సీసాలో నీళ్లన్నీ గటగటా తాగింది. పోయొస్తానని ఎవరికీ చెప్పలేదు. వెనక మిషన్లు మళ్లీ మొదలయ్యాయి.

ఇన్నేళ్లు ఆమె కుట్టిన జేబుల్లో ఎవరేం పెట్టుకున్నారో ఆమెకు తెలియదు. ఈ ఒక్కటి మాత్రం తాళంచెవి బరువుకు కొంచెం కిందికి సాగి, ఫ్యాను గాలికి గోడను తడుతూ ఉంది.