ఇరవై నాలుగు మిల్లీలీటర్లు

నా కంటి నరాలు ఎండిపోతున్నాయని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చి చెప్పి ఆరు నెలలైంది. ఆకారాలు మసగ్గా ఆనుతాయి కానీ రంగులు తెలియవు, లోకమంతా బూడిదే. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రంగులు తెలియని రసాయనశాస్త్రం మాస్టారిని ఏ బడి ఉంచుకుంటుంది? పాఠం చెప్పడం తప్ప నాకింకేం చేతకాదు.

మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేటు, తయారీతో ఎలాగో నెట్టుకొచ్చాను. వేడి ఆమ్లంలో కాపర్ ఆక్సైడు పొడి వేస్తూ పోవాలి. ఇక కరగక మిగిలితే గాజుకడ్డీకి అడుగున గరగరమని తగులుతుంది, వడగడితే సరి. దానికి కళ్ళక్కర్లేదు. మామూలు ఉప్పు దగ్గరే వచ్చింది చిక్కు. కాస్టిక్ సోడా, ఆమ్లం రెండూ నీళ్ళలో కరిగేవే, ఏది ఎక్కువైనా వడగట్టి తీయలేం. సోడాలో సూచిక చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆమ్లం వదులుతుంటే ఆ రంగు పోయిన క్షణాన ఆపాలి.

కొత్త హెడ్‌మిస్ట్రెస్ సరిగ్గా ఆ పాఠానికే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. నేనూ తక్కువ తినలేదు. ముందురోజు పిల్లలు చేసినప్పుడు ఇరవై నాలుగు మిల్లీలీటర్లు పట్టింది కాబట్టి, అటెండరు చేత అంతే ఆమ్లం కొలిపించి బ్యూరెట్టు గొట్టంలో పోయించాను. మొత్తం సోడా ఉన్న ఫ్లాస్కులోకి వదిలేసి, రంగు పోయింది చూశారా అన్నాను.

అటెండరు పక్కకొచ్చి, మేడమ్ ముందు మీకు మాట రాకూడదని పొద్దున్నే సోడా కొత్తగా, కాస్త చిక్కగా కలిపానని గొణిగాడు. దానికి ఇరవై నాలుగు చాలదు. పాపం, మేలు చేయబోయి నా కొంప ముంచాడు.

అంతలో ముందు బెంచీ పిల్ల లేచింది.

"పోయింది సార్. నీళ్ళలా ఉంది."

మిగతావాళ్ళూ అవునన్నారు. అంటే వీళ్ళకు ఎప్పటినుంచో తెలుసన్నమాట. చూసింది చూసినట్టు రాయమని ఇరవై రెండేళ్ళు చెప్పినవాణ్ణి, క్లాసు మొత్తం చేత అబద్ధమాడించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది.

"మాస్టారూ, ఇంకా గులాబీ రంగే ఉందండీ."

ఆవిడ చెప్పిందే రాసుకోండని పిల్లలతో అన్నాను. పెన్నులు కదిలిన చప్పుడు వినబడలేదు.

సాయంత్రం నా రాజీనామా ఆవిడే రాసిపెట్టింది. సంతకం ఎక్కడ చేయాలో నా వేలు పట్టుకుని చూపించింది.