దారిలో మొదటి ఇల్లు

పైకప్పు అంటుకుంది. గడ్డిపెళ్లల కింద వాసాలు చిటపటలాడుతున్నాయి. ఇల్లంతా పొగ. గుమ్మం అవతల ఉల్ఫ్ మనుషులు ఈటెలు పట్టుకుని నిలబడ్డారు.

"స్టెయిన్‌వోర్!" ఉల్ఫ్ అరిచాడు. "నీ పెద్దకొడుకు ఓర్మ్‌ని నా తమ్ముడు దొంగచాటుగా చంపాడని లోయంతా చాటావు. చిన్నకొడుకుని పంపి వాణ్ని నరికించావు. అసలు చంపినవాడి పేరు సాక్షుల ముందు నీ నోటితో చెప్పు. మంట ఆర్పిస్తా. మిగతాది న్యాయసభలో చూసుకుందాం."

"చెప్పాగా! నీ తమ్ముడు హాల్‌బ్యోర్నే!" మా అత్త స్టెయిన్‌వోర్ తలుపు సందులోంచి కేకేసింది. "మీ కట్టెలు తడిసినట్టున్నాయి ఉల్ఫ్, మంట నీరసంగా ఉంది. పొడివి పంపనా?"

నా భర్త కేటిల్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హాల్‌బ్యోర్న్ చేసిన గాయం తొడలో ఇంకా మానలేదు.

మనిషిని చంపినవాడు దారిలో వచ్చే మొదటి ఇంట్లో ఆ సంగతి చెప్పి తీరాలి. చెబితే అది పగ, న్యాయసభలో తేల్చుకోవచ్చు. చెప్పకపోతే నీచహత్య, ఆ తర్వాత వాడిని ఎవరైనా చంపవచ్చు. ఐస్‌లాండ్ చట్టం అది. మా బావగారు ఓర్మ్ ఈటెపోటుతో బీడులో పడి ఉంటే, ఏ ఇంటికీ ఎవరూ వచ్చి చెప్పలేదు. పొరుగున ఉన్న హాల్‌బ్యోర్న్ మీద అత్తకు పాత కోపం. ప్రమాణం చేస్తానని అతను వస్తే మొహం మీదే తలుపు వేసింది. కేటిల్ చేతిలో ఈటె లాక్కుని ఉన్ని దువ్వెన పెట్టింది. "అన్న పగ తీర్చనివాడికి ఇదే పని. కోడలి పక్కన కూర్చుని దువ్వు," అంది. మర్నాడే కేటిల్ వెళ్లి అతన్ని నరికాడు.

బయటినుంచి ఇంకో గొంతు వినిపించింది. "అక్కా, నేను థోరిర్‌ని." అత్త సొంత తమ్ముడు. "ఓర్మ్ పోయిన రోజు హాల్‌బ్యోర్న్ నాతోనే ఉన్నాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలాన్ని ఇద్దరం చీకటిపడేదాకా కోశాం. చెబుదామని వస్తే వాకిట్లోంచే తరిమావు."

"కొవ్వు కంపు కొడుతుంటే తరమక వాటేసుకుంటారా?"

మాట దురుసుగానే ఉంది, గొంతులో మాత్రం పస తగ్గింది. థోరిర్ అబద్ధమాడడని ఆమెకు తెలుసు.

"మరైతే ఎవడు?" అంటూ వెనక్కి తిరిగింది.

కేటిల్ తలెత్తలేదు.

"నువ్వా?"

"గుర్రాల పోట్లాటలో గెలిచినవాడిదే నాన్న పీట, ఇంటి పెత్తనం అన్నావు. నా గుర్రం గెలిచింది. తిరిగొచ్చే దారిలో అన్నయ్య ఒప్పుకోనన్నాడు. ఈటె ఎత్తాడు. నేనూ ఎత్తాను."

"చెప్పి చావొచ్చుగా! చట్టం నీ పక్కనుండేది!"

"దారిలో మొదటి ఇల్లు మనదే అమ్మా. గుమ్మంలో నువ్వున్నావు. అన్నయ్య కోసం ఎదురుచూస్తున్నావు."

వాసం ఒకటి విరిగి పొయ్యి మీద పడింది. కేటిల్ పేరు బయటికొస్తే మంట ఆరుతుంది, ఆయన్ని మాత్రం గుమ్మంలోనే పొడుస్తారు. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను.

"ఆయన పేరు చెప్పకు అత్తా. ఉల్ఫ్ కాళ్లు పట్టుకో!"

"నా మోకాళ్లు వంగవే, చిన్నప్పట్నుంచీ అంతే." మొహం మీద మసి తుడుచుకుంది. తలగుడ్డ సరిచేసుకుంది. తలుపు బార్లా తీసి ఈటెల ముందుకు నడిచింది.

"సాక్షులు దగ్గరికి రండి, మళ్లీ మళ్లీ చెప్పను. ఉల్ఫ్, నీ తమ్ముడిలో ఏ తప్పూ లేదు. మాట ప్రకారం నీళ్లు పోయించు."

"ముందు పేరు," అన్నాడు ఉల్ఫ్.

"ఓర్మ్ చావుకీ హాల్‌బ్యోర్న్ చావుకీ మూలం ఒకరే. ప్రమాణానికి వచ్చినవాణ్ని గెంటేసింది ఆ మనిషే. ఇంట్లో మిగిలినవాడి చేతికి దువ్వెనిచ్చింది ఆ మనిషే. ఈటె ఎవరు పట్టారని నన్నడక్కు. చంపింది ఎవరంటావా? రాసిపెట్టుకో, చెక్కించుకో, న్యాయసభలో బండరాయి ఎక్కి అరిచి చెప్పు. స్టెయిన్‌వోర్!"