నాలుగో జ్వరం

చిన్నప్పకు రెండు చేతులూ ఊరికే ఉంటే జబ్బు చేసినట్టుంటుంది. ముప్పై ఏళ్లు బస్సు తోలిన మనిషి. హిందూపురంలో ఎక్కి పెనుకొండ మీదుగా ధర్మవరానికి రోజుకు రెండుసార్లు పోయి వచ్చేవాడు. రిటైరై మూడేళ్లయినా ఆ కాళ్లూ చేతులూ ఇంకా బస్సు దిగలేదు. బాగున్న కుళాయిని విప్పి మళ్లీ బిగిస్తాడు. పొయ్యి మీద ఉడుకుతున్న పప్పును ఎవరూ అడక్కుండానే పోయి కలుపుతాడు. ఇంట్లో ఎవరైనా కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే, వాళ్లలో ఏదో పాడైంది, మరమ్మతు చేయాల్సిందే అనుకుంటాడు. చెడ్డవాడు కాదు, పాపం. ప్రేమ ఎక్కువ. ఆ ప్రేమ పక్కవాళ్లను ఊపిరి తీసుకోనివ్వదు, అంతే.

ఇట్లాంటి మనిషి ఇంటికి ఆ నెల మొదట్లో కూతురు సంగీత వచ్చింది. ఆ పిల్లను ఇచ్చింది ధర్మవరం. మొగుడు హరి ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు, నెమ్మదైన పిల్లోడు. పెళ్లయిన నాలుగేళ్లకు సంగీత నీళ్లోసుకుంది. ఆరో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన పది రోజులకు హరే తోడొచ్చి దిగబెట్టి, కొన్నాళ్లు అమ్మ దగ్గరుంటే మేలు మామా అని చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

సంగీత ఏడవలేదు. చిన్నప్పను భయపెట్టింది అదే. పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది, మిగతా పొద్దంతా పెరటి మెట్టు మీద కూర్చుని మల్బరీ తోట వైపు చూస్తుంటుంది. ఏడ్చి ఉంటే కళ్లు తుడిచేవాడు. తుడవడానికి ఏమీ లేకపోయేసరికి ఆయనకు కాలూ చేయీ ఆడలేదు.

ఇక మరమ్మతు మొదలుపెట్టాడు. హిందూపురం పోయి జిలేబీ తెచ్చాడు. పెనుకొండ దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చాడు. పిల్లకు తోడుగా ఉంటారని వీధిలోని హనుమమ్మనూ అక్కమ్మనూ పిలిచి కూర్చోబెడితే, అక్కమ్మ తనకు రెండు పోయాక నలుగురు పుట్టిన కథ చెప్పింది. సంగీత మధ్యలోనే లేచి లోపలికి పోయింది. హరి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి కూతురి మొహం ముందు పట్టుకుని, మాట్లాడు తల్లీ, మాట్లాడు అని బతిమాలాడు. ఇవి కాక గంటకోసారి ప్రశ్నలు. ఆకలైతాందా, తల నొస్తాందా, ఏం ఆలోచిస్తాండావు.

తొమ్మిదో రోజు సంగీత గొంతు పెంచకుండానే చెప్పింది.

"నాయనా, నేను రేపు ధర్మవరం పోతా."

"ఏమ్మా, ఈడ నీకేం తక్కువైంది?"

"ఆడైతే మగ్గం సప్పుడే. ఎవరూ ఏమీ అడగరు."

కన్నబిడ్డ పుట్టింట్లో ఉండలేక పారిపోతానంటోంది. అదీ తన వల్ల. ఇప్పుడు పోతే మళ్లీ ఏ కష్టం వచ్చినా ఈ గడప తొక్కదేమో అని చిన్నప్పకు నిజంగానే భయమేసింది.

చిన్నప్ప పెళ్లాం రామాంజినమ్మ మధ్యలోకి వచ్చింది. ఆమె మాట తక్కువ, పని ఎక్కువ. తాడిమర్రిలో చెల్లెలికి కంటి ఆపరేషన్ ఉందనీ, రెండు రోజుల్లో వచ్చేస్తాననీ, వచ్చాక తానే బస్సెక్కిస్తాననీ, అందాకా ఉండమనీ కూతుర్ని ఒప్పించింది. తర్వాత మొగుణ్ణి పురుగుల షెడ్డు దగ్గరికి తీసుకుపోయింది.

ఆ షెడ్డు రామాంజినమ్మ రాజ్యం. చిన్నప్ప బస్సు తోలిన ముప్పై ఏళ్లూ ఆమె పట్టుపురుగులు మేపింది. పురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ ప్రాంతంలో దాన్నే జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగు తినదు, కదలదు, తల పైకెత్తి ఒక రోజుకు పైగా అట్లాగే ఉండిపోతుంది. ఎరగనివాళ్లకు ఆకు కోసం అడుగుతున్నట్టే కనిపిస్తుంది. అది మాత్రం తన పనిలో తానుంటుంది. అప్పుడు మనిషి చేయాల్సిందల్లా పైన ఇంత సున్నం పొడి చల్లి, తలుపు దగ్గరికి వేసి బయటికి రావడమే.

"నాలుగో జ్వరానికి కూర్చున్యాయి. అన్నీ లేసేదాకా ఒక్కాకు కూడా వేయొద్దు. ఎల్లుండి పొద్దున నేనొచ్చి వేస్తా," అంది రామాంజినమ్మ. "నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. గమ్మునుండు."

అదేమంత పెద్ద పనా అన్నాడు చిన్నప్ప. ఆయన జీవితంలో అంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదని ఆయనకు అప్పటికి తెలియదు.

మరుసటి రోజు పొద్దున ఊరికే చూసి వద్దామని షెడ్డులోకి పోయాడు. మూడు వరసల తట్టల్లో వేల పురుగులు తలలెత్తి ఉన్నాయి. బయటికి వచ్చాడు. గంటకు మళ్లీ పోయాడు. ఇంకో అరగంటకు మళ్లీ పోయాడు. పదకొండింటికి ఒక తట్టలో నాలుగైదు పురుగులు మెల్లగా కదలడం కనిపించింది. ఇక ఆగలేదు. పెళ్లాం చెప్పింది గుర్తులేక కాదు. అన్ని నోళ్లు పైకెత్తి ఉంటే ఏమీ పెట్టకుండా నిలబడడం ఆయన వల్ల కాలేదు. తోటలోకి పోయి మోపెడు ఆకు కోసుకొచ్చి మూడు వరసలకూ దట్టంగా పరిచేశాడు. కదిలినవి గబగబా తింటుంటే చూసి ఆయన కళ్లు చెమర్చాయి. పది రోజుల్లో తాను పెట్టింది ఆశగా తీసుకున్నవాళ్లు ఆ పురుగులే.

అన్నానికి ఇంట్లోకి వచ్చిన తండ్రి చొక్కాకు మల్బరీ ఆకు అంటుకుని ఉండడం సంగీత చూసింది. కంచం పక్కకు జరిపి లేచి, చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని షెడ్డులోకి పోయింది. ఆ షెడ్డులో పురుగులతో పాటు పెరిగిన పిల్ల. ఒక ఆకు ఎత్తి కిందికి చూసింది, ఇంకోటి ఎత్తింది.

"నాయనా, ఇవింకా జ్వరంలోనే ఉండాయి."

లేచినాయి కదమ్మా, ఆకలి మీదుండాయి చూడు అని చిన్నప్ప గుమ్మంలోంచి చెప్పబోయాడు.

"లేసినవి పిడికెడు. మిగతావాటి మీద తడి ఆకు కప్పినావు. చర్మం ఇడవలేక సస్తాయి."

చిన్నప్ప గోడకు ఆనుకున్నాడు. ఇన్నేళ్లలో బస్సు కింద కుక్కపిల్లను కూడా పడనివ్వని మనిషి. ఇప్పుడు ప్రేమతోనే ఇంత పని చేశాడు.

సంగీత కసరలేదు. తీద్దాం రా అంది. ఇద్దరూ చెరో పక్క నిలబడి ఒక్కొక్క ఆకే తీయసాగారు. పురుగుకు వేలు తగలకూడదు, ఆకును లాగకూడదు, ఎత్తాలి. నాలుగు ఆకులు తీసేలోగా చిన్నప్ప నోరు తెరిచాడు. మీ అమ్మకు చెప్పొద్దు అనో, నీకు కాళ్లు నొస్తాయేమో అనో, ఏదో ఒకటి.

"గమ్మున తియ్యి నాయనా," అంది సంగీత.

తీశాడు. ఒక తట్ట అయింది, రెండో తట్ట అయింది. ఫ్యాను తిరిగే చప్పుడు, దూరంగా రోడ్డు మీద లారీల చప్పుడు, అంతే. మొదట ఆయనకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. తర్వాత ఎప్పుడో మెల్లగా తగ్గింది. ఎదురుగా కూతురి చేతులు కనిపించాయి. గాజులు మోచేతి దాకా జారిపోయేంత సన్నబడ్డాయి. పది రోజులుగా ఆ పిల్లను అడగడమే గానీ చూడలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇంకా చూస్తే, ఆ పిల్ల కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చేతులు మాత్రం ఆగలేదు. ఏడవొద్దమ్మా అనే మాట చిన్నప్ప నాలుక చివరికి వచ్చింది. ఆయన కుడికాలు దానంతటదే నేలను గట్టిగా నొక్కింది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. మాట ఆగింది.

ఆకంతా తీసి సున్నం చల్లేసరికి నాలుగైంది. ఇద్దరూ షెడ్డు గడప మీద కూర్చున్నారు. చాలాసేపటికి సంగీత తోట వైపు చూస్తూనే అంది.

"ఆడబిడ్డ, నాయనా."

చిన్నప్ప కదల్లేదు.

"హరి వద్దన్యాడు. నేనే అడిగి బిడ్డను సూసినా. గోర్లు కూడా వచ్చిండాయి."

దేవుడి దయ, చిన్న వయసు, మళ్లీ పుడతారు, అక్కమ్మకు పుట్టలేదా. అన్నీ ఒక్కసారిగా ఆయన గొంతులోకి వచ్చాయి. అన్నీ ఆకులే అని ఆయనకు తెలిసిపోయింది.

"ఊఁ," అన్నాడు.

సంగీత చెప్పుకుంటూ పోయింది. బిడ్డ మొహం గురించి, తెల్లగుడ్డ గురించి, పాలు పడి రొమ్ములు సలిపితే ఎవరికీ చెప్పుకోలేక బాత్రూములో పిండుకున్న దాని గురించి. కొన్ని మాటలు తండ్రికి చెప్పేవి కావు, అయినా చెప్పింది. ఆయన ఊఁ అంటూనే ఉన్నాడు. చివరికి తండ్రి భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. చిన్నప్ప ఆ కళ్లు తుడవలేదు. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద ఊరికే ఉన్నాయి. జబ్బు చేసినట్టు లేదు.

రామాంజినమ్మ అనుకున్న పొద్దుకే తాడిమర్రి నుంచి వచ్చింది. షెడ్డులో చాలా పురుగులు లేచాయి, కొన్ని లేవలేదు, రెండు గుప్పిళ్లు చచ్చి నల్లబడ్డాయి. ఆకు వేసింది నేనే అని చిన్నప్ప ఒక్క ముక్కలో ఒప్పుకున్నాడు. సాకులేమీ చెప్పకపోవడం చూసి ఆమె మొగుడి నుదుటి మీద చేయి వేసి చూసింది, నిజంగా జ్వరమేమో అని. మిగిలినవీ లేచే దాకా ఆకు వేయకుండా ఆగుదాం అంది.

ఆ మధ్యాహ్నం హరి ఫోన్ చేశాడు. సంగీత ఈ రోజు బస్సెక్కుతానంది, ఎన్నింటికి బస్టాండుకు రమ్మంటారు మామా అని అడిగాడు. చిన్నప్ప ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి తొంగి చూశాడు. సంచిలో సర్దాల్సిన బట్టలు దండెం మీదే ఉన్నాయి. సంగీత చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. వచ్చిన తర్వాత అంత గాఢంగా నిద్రపోవడం అదే మొదలు. రెండు రోజుల కిందటైతే లేపి, ఫోన్ చేతిలో పెట్టి, స్పీకర్ నొక్కేవాడు.

"నిద్రపోతాండాది హరీ," అన్నాడు గొంతు తగ్గించి. "లేసినాక తనే చెప్తాది."

ఫోన్ జేబులో వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి బయటికి వచ్చాడు.