ఊదిన కవర్లు

పాల పాకెట్‌ను జానీ పాషా కోసే తీరే వేరు. సిద్దిపేటలో పాకెట్ పాలు అప్పుడప్పుడే ఇంటింటికీ అలవాటవుతున్నాయి. అందరూ మూల కొరికి పాలు వంపుకుని, ఖాళీది గోడవతల పారేసేవాళ్ళు. ఈయన కత్తెర తెచ్చి, పైఅంచు వెంబడి దారమంత సన్నగా కోసేవాడు. అడుగున మిగిలిన చుక్కల కోసం కాసిన్ని నీళ్ళు పోసి గిలకరించి, ఆ నీళ్ళూ చాయ్‌లోకే పంపేవాడు. ఆ తర్వాత కవర్‌కు సబ్బునీళ్ళ స్నానం, మంచినీళ్ళ స్నానం, దండెం మీద ఆరబోత. పసిపిల్లలకైనా అంత సేవ జరగదు.

పాత బస్టాండు దగ్గర ఆయనది సైకిల్ రిపేరు దుకాణం. పంక్చర్లు చూసే మనిషి కాబట్టి కవర్‌ను కూడా ట్యూబును చూసినట్టే చూసేవాడు. లోపల తడి ఆరిన కవర్‌ను మర్నాడు పొద్దున్నే నోటితో ఊది, మూతి మెలిపెట్టి, పాత ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీ రెండు చుట్లు బిగించి, పెరట్లో తొట్టి నీళ్ళలో ముంచేవాడు. బుడగలొస్తే ఓటిది. అది మిరపనారు పోసుకునే వాళ్ళకు. బుడగలు రాకపోతే పాసైనట్టు. అట్లా పాసైనవన్నీ ఉబ్బిన పొట్టలతో సాయంత్రం దాకా దండెం మీద వేలాడేవి. ఆయన దుకాణం మూసి వచ్చి, పట్టీలు విప్పి, గాలి తీసి, మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచేవాడు.

ఆయన భార్య జోహ్రాకు ఈ సంసారం చచ్చే సిగ్గుగా ఉండేది. గోడ పక్కింటి అంజమ్మ దండెం వైపు చూసి, మీ ఇంట్లో రోజూ పుట్టినరోజు పండుగేనా అని నవ్వేది. అది చాలదన్నట్టు, వాన పడినప్పుడు ఆయన గిరాకీల సైకిల్ సీట్లకు ఈ కవర్లే తొడిగి పంపేవాడు. ఊరికే పంపినా బాగుండేది. వాళ్ళు నాలుగు బారలు పోయాక, బజారంతా వినబడేలా కేక వేసేవాడు.

"కవర్ వాపసియ్యాలె!"

పెళ్ళిలోనూ అదే, దవాఖానలోనూ అదే. ఎవరి చేతిలో ఏ కవర్ పెట్టినా వెనక నుంచి ఆ మాట తగిలించేవాడు. వింటే జోహ్రాకు తల కొట్టేసినట్టుండేది. కవర్ వాపసు అడిగే మొగుడు ఊళ్ళో నాకొక్కదానికే దొరికాడని అనేది. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. మంచి కవర్ పారెయ్యడం పాపం అనేవాడంతే.

ముసురు పట్టిన ఒకరోజు పొద్దున ఆయన తొట్టి దగ్గర కూర్చుని కవర్లు ఊదుతుంటే, చాయ్ చల్లారుతోందని జోహ్రా వంటింట్లోంచి పిలిచింది. చేతిలోది అట్లాగే దండేనికి తగిలించి వచ్చి తాగాడు, దుకాణానికి పోయాడు. మధ్యాహ్నం ఎవరిదో సైకిల్ చైను బిగిస్తూ బిగిస్తూ పక్కకు ఒరిగాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది.

జోహ్రా ఏడవలేదు. చుట్టాలు ఏడ్చారు, అంజమ్మ గోడవతల నుంచి పరుగున వచ్చి ఏడ్చింది, దుకాణం పక్కన చాయ్ బండి సాంబయ్య కూడా ఏడ్చాడు. ఈమె మాత్రం అరుగు మీద కూర్చుని, ఎవరిదో పని జరుగుతున్నట్టు చూసింది. ఏడువు బిడ్డా, లోపల్నే పెట్టుకుంటే గుండె పట్టుకుంటదని పెద్దామెలు చెప్పారు. సరేనని తలూపింది. తినమంటే తిన్నది, పడుకోమంటే పడుకుంది. మొగుడు పోయిన ఆడది పాటించే ఇద్దత్ గడువు తీరేదాకా గడప దాటకూడదన్నారు. దాటి పోవాల్సిన చోటేదీ ఆమెకు తోచలేదు.

జానీ పాషా చెల్లెలు ఖాతూన్ చిన్నకోడూరులో తన ఇంటికి తాళం వేసుకుని వచ్చి, వదిన ఇల్లు నెత్తినేసుకుంది. ఖాతూన్ మంచిది. కాకపోతే చెయ్యి ఊరుకోని మనిషి. వచ్చే పోయే వాళ్ళకు చక్కెర కట్టాలంటే దండెం మీది కవర్ ఒకటి లాగి, పట్టీ ఊడబీకి, అందులో పోసింది. పసుపుకు ఒకటి లాగింది. ఎండు ఖర్జూరాలకు ఒకటి. అన్న పోయిన రోజు ఊదిన కవర్లు అవి. సాయంత్రం విప్పాల్సిన మనిషి రాలేదు కాబట్టి ఉబ్బినవి ఉబ్బినట్టే ఉన్నాయి. జోహ్రా అన్నీ చూస్తూనే ఉంది, ఏమీ అనిపించలేదు.

ఒకనాడు ఖాతూన్ ఆమె పక్కనే నిలబడి ఒక కవర్ పట్టీ లాగింది. తుస్సుమని గాలి వచ్చి జోహ్రా ముంజేతికి తగిలింది.

అప్పుడు తెలిసిందామెకు. అది ఆయన ఊపిరి.

తల ఎత్తి చూసింది. దండెం మీద ఇంకొక్కటే ఉంది. వద్దని ఖాతూన్‌తో చెప్పాలనుకుంది. ఇంతకాలం ఊరుకుని ఇప్పుడేమని చెప్పడం? ఖాతూన్ నమాజుకు లేచాక ఆ కవర్‌ను తెచ్చి, ట్రంకుపెట్టెలో బొంతల మధ్య, ఆయన మడతపెట్టిన కవర్ల పక్కన దాచింది. ఆ ఇంట్లో ఆమెకు కావలసింది ఇక అదొక్కటే.

రోజూ ఒకసారి పెట్టె తెరిచి వేలితో నొక్కి చూసేది. కొన్నాళ్ళకు అది మెత్తబడింది. ఎక్కడో సన్న బొక్క ఉంది అనుకుని, దుకాణం నుంచి వచ్చిన ఇనుప డబ్బాలోంచి పంక్చర్లు అతికే సొల్యూషన్ తీసి, ముడత పడ్డ చోట పూసి, రబ్బరు ముక్క అంటించింది. సొల్యూషన్ రబ్బరుకు పడుతుంది గానీ ప్లాస్టిక్‌కు పట్టదని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. తెల్లారేసరికి ముక్క బొంతకు అంటుకుని ఉంది.

పోయినవాళ్ళ పేరిట చదివించే నలభయ్యో దినం ఫాతెహా వచ్చింది. ఇంటి నిండా జనం. పెరట్లో బగారన్నం, మటన్ డేగిశలు దిగాయి. వాడకట్టులో ఇంటింటికీ వాళ్ళ వాటా, హిస్సా కట్టి పంపాలి. గిన్నెలు చాలలేదు. అన్న దాచిన కవర్లుండగా గిన్నెలెందుకని ఖాతూన్ వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. మడతలన్నీ తీశాక, సగం ఉబ్బి ఉన్నది చేతికి తగిలింది. పట్టీ మీద వేలు వేసింది.

"గది విప్పకు," అంది జోహ్రా.

అన్ని రోజుల్లో ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అది. ఖాతూన్ చెయ్యి ఆగిపోయింది. జోహ్రా ఆ కవర్ తీసుకుని పెరట్లోకి పోయి, తొట్టి పక్కన కూర్చుని, ఆయన ముంచినట్టే నీళ్ళలో ముంచింది. కవర్ ఒంటికి ఎక్కడా బుడగ లేదు. మూతి దగ్గర, రబ్బరు పట్టీ కింది నుంచి, ఒకటి తర్వాత ఒకటి చిన్న చిన్న బుడగలు పైకి వస్తున్నాయి. పట్టీ ఒక్క చుట్టే ఉంది. రెండో చుట్టు వేసేలోపు చాయ్‌కి పిలిచింది తానే. జోహ్రా మూతిని రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుంది. బుడగలు ఆగాయి. ఇక వేళ్ళు తియ్యడానికి లేదు.

లోపల హిస్సాల కోసం పిలుస్తున్నారు. ఖాతూన్ వచ్చి, ఏమైంది భాభీ అంటూ పక్కన కూలబడింది.

"మీ అన్న ఊపిరి గిండ్లున్నది," అంది జోహ్రా. కూరలో ఉప్పెంతుందో చెప్పినట్టు చెప్పింది.

ఖాతూన్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె తన చేతుల వంక చూసుకుంది. చక్కెర కవర్, పసుపు కవర్, ఖర్జూరాల కవర్, అన్నీ గుర్తొచ్చాయి కాబోలు.

"అన్నీ నేనే విప్పిన గదా భాభీ. నా చేతులతోనే విప్పిన," అని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

జోహ్రా ఆమెను చూస్తూ కూర్చుంది. జాలి వేసింది. తనకు ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది కూడా. రాలేదు. ఎంతసేపని పట్టుకుంటుంది? కవర్‌ను నీళ్ళలోంచి తీసి, ఖాతూన్ చెంప దగ్గరకు తెచ్చి, వేళ్ళు వదిలి పట్టీ లాగింది. వచ్చిన గాలి చెంప మీది వెంట్రుకను కూడా కదిలించలేదు. పాల వాసన మాత్రం కొద్దిగా వచ్చింది.

తర్వాత జోహ్రా ఆ కవర్‌ను లోపలా బయటా కడిగి, కొంగుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసింది. ఎక్కడా బొక్క లేదు. మంచి కవరే. వంటల దగ్గరకు పోయి గరిటెడు మటన్ అందులో వేసింది. దాచిన కవర్లు కూడా అప్పటికే అయిపోయాయి, అంజమ్మ హిస్సా ఒక్కటే మిగిలింది.

అంజమ్మ పెరటి తలుపు దగ్గరే నిలబడి ఉంది. కవర్ రెండు చేతులతో అందుకుని, జోహ్రా ముఖంలోకి చూడలేక, వెనుదిరిగి నాలుగడుగులు వేసింది.

"అంజమ్మా," అని పిలిచింది జోహ్రా. అంజమ్మ ఆగింది.

"కవర్ వాపసియ్యాలె."

అన్నాక ఆమె తలుపు చెక్క పట్టుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు.