కిటికీలు లేని కొట్టు

సరస్సు ఒడ్డున మా వేసవి ఇల్లు ఒకే ఒక గది. ఫిన్లాండులో జూన్ రాత్రులు కూడా పగళ్లలాగే వెలుతురుగా ఉంటాయి కాబట్టి, అక్కడ కంటినిండా నిద్రపట్టే చోటు పెరట్లో ఉన్న కిటికీలు లేని దుంగల కొట్టు మాత్రమే. నా రక్తపోటు చూసి డాక్టరు చీకట్లో పడుకోమన్నాక ఏటా అందులోనే నా మంచం. ఈ ఏడు నా భర్త తౌనో నన్నడక్కుండానే దాన్ని వాళ్ల అక్క మర్కెట్టాకు ఇచ్చేశాడు.

పొద్దున కాఫీ దగ్గర ఆమె ముఖం తోమిన పళ్లెంలా మెరుస్తోంది. నా కళ్లు మండుతున్నాయి.

"అబ్బ, ఏం నిద్రరా తమ్ముడూ! ఒళ్లు తెలిస్తే ఒట్టు."

"నీకేం వదినా, మహారాణివి," అన్నాను, మాడిన రొట్టె ఏరి ఆమెకు వడ్డిస్తూ.

ఆమె రొట్టె తిప్పి చూసి నవ్వింది. "ఓసి పిచ్చిదానా, ఆ మంచం కావాలని నోరు తెరిచి అడగొచ్చుగా? ఇవాళే వెళ్లి పడుకో. వీడి గురక నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే."

మధ్యాహ్నమే దుప్పటి చంకన పెట్టుకుని కొట్టులోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. చల్లటి చీకటి. రెప్పలు వాలుతుండగా బయట మెట్ల మీద ఆ ఇద్దరి నవ్వు వినిపించింది. ఏదో చిన్ననాటి పడవ సంగతి. తౌనో ఊపిరాడనంతగా నవ్వుతున్నాడు. నాతో అలా నవ్వి ఎన్నేళ్లయిందో!

ఇక నిద్ర రాలేదు. లేచి వెళ్లి, వాళ్లిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.

"ఏం పడవ? మొదటినుంచి చెప్పండి."